హజీరా గ్యాస్ కార్మికులు: యూనియన్లు, వేతన న్యాయం

గుజరాత్‌లో సూరత్ నగరానికి పడమర దిక్కున, తాపీ నది సముద్రంలో కలిసేచోట హజీరా ఉంది. దేశంలోని పెద్ద గ్యాస్ శుద్ధి కేంద్రాల్లో ఒకటి అక్కడే ఉంది. దాని చుట్టూ ఎరువుల ఫ్యాక్టరీ, పెట్రోకెమికల్ ప్లాంటు, ఉక్కు కర్మాగారం, ద్రవీకృత గ్యాస్ టెర్మినల్ వెలిశాయి. ఇలాంటి చోట పనిచేసేవారి జీతం, ఉద్యోగ భద్రత, ప్రాణ రక్షణ, లాభాల్లో వాటా మీద కార్మిక సంఘాల ప్రభావం ఎంత, అది ఎక్కడిదాకా పాకింది అన్నది ఈ వ్యాస విషయం. సంఘం ఉన్నచోట కార్మికుడికి మేలు జరిగిందా అంటే జరిగింది. అందరికీ జరిగిందా అంటే లేదు. ఒకే షిఫ్టులో పక్కపక్కన నిలబడే ఇద్దరిలో ఒకరి పేరు కంపెనీ మస్టరులో ఉంటుంది, మరొకరి పేరు ఠేకేదారు (కాంట్రాక్టరు) మస్టరులో ఉంటుంది. సంఘాలు సాధించినదాంట్లో ఎక్కువ భాగం మొదటి మస్టరు దగ్గరే ఆగిపోయింది.

హజీరాకు గ్యాస్ వచ్చిన దారి

గుజరాత్‌లో చమురు కథ 1958లో ఖంభాత్ ప్రాంతంలో మొదలైంది. 1960లో సూరత్‌కు ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలోని అంక్లేశ్వర్‌లో చమురు ఎగసింది. అక్కడి తొలి బావికి నెహ్రూ 'వసుధార' అని పేరు పెట్టారు. 1974లో ముంబై తీరానికి దూరంగా నడిసముద్రంలో బాంబే హై దొరికింది. దాని పక్కనే ఉన్న బసీన్ క్షేత్రం నుంచి వచ్చే గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ. ఆ పుల్లటి గ్యాస్‌ను సముద్రగర్భంలో వేసిన, 200 కిలోమీటర్లకు పైగా పొడవున్న గొట్టాల్లో హజీరాకు తెచ్చి, 1980ల నడుమ కట్టిన ఓఎన్‌జీసీ ప్లాంటులో శుద్ధి చేస్తారు. గంధకం తీసేస్తారు, వంటగ్యాస్, నాఫ్తా, కిరోసిన్ విడదీస్తారు. మిగిలిన గ్యాస్ 1984లో ఏర్పడిన గెయిల్ సంస్థ పైపులైనుకు ఎక్కుతుంది. హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ పైపులైను అన్న పేరులో మొదటి ఊరు ఇదే. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ ఎరువుల ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాలు ఆ గొట్టం మీదే బతికాయి.

గ్యాస్ ఉన్నచోటికి దాన్ని వాడుకునేవాళ్లు వచ్చారు. క్రిభ్‌కో యూరియా ప్లాంటు, కవాస్‌లో ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం, రిలయన్స్ పెట్రోకెమికల్స్, ఎస్సార్ ఉక్కు కర్మాగారం (ఇప్పుడు ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్), 2005లో షెల్ వారి ద్రవీకృత సహజవాయువు టెర్మినల్ వరుసగా వచ్చాయి. సూరత్, భరూచ్, అంక్లేశ్వర్ ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ గొట్టపు గ్యాస్ ఇచ్చే గుజరాత్ గ్యాస్ కూడా ఈ కుటుంబంలోదే. కాబట్టి 'హజీరా గ్యాస్ కార్మికుడు' అంటే ఒక మనిషి కాడు. ప్రభుత్వ సంస్థ అధికారి, అదే సంస్థలో యూనియన్ సభ్యుడైన టెక్నీషియన్, ప్రైవేటు ప్లాంటు ఉద్యోగి, ఠేకేదారు కింద నాలుగేళ్లుగా గేటు పాసు మీద వచ్చి పోయే హెల్పర్, మరమ్మతులకు ప్లాంటు ఆపే నెలరోజుల షట్‌డౌన్ కోసం శ్రీకాకుళం నుంచో గంజాం నుంచో రైలెక్కి వచ్చిన వెల్డర్, అందరూ ఆ మాట కిందికే వస్తారు.

సంఘాల పూర్వరంగం

భారతదేశంలో చమురు కార్మికుల తొలి పెద్ద పోరాటం 1939లో అస్సాంలోని దిగ్బోయిలో జరిగింది. బ్రిటిష్ యాజమాన్యంలోని అస్సాం ఆయిల్ కంపెనీ కార్మికులు వేలమంది పని ఆపారు. ఏప్రిల్‌లో జరిగిన కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. యుద్ధం మొదలయ్యాక భారత రక్షణ చట్టం అండతో ఆ సమ్మెను అణచివేశారు. స్వాతంత్ర్యం తర్వాత చమురు ప్రభుత్వ రంగంలోకి వచ్చింది. 1956లో ఓఎన్‌జీసీ ఏర్పడింది, 1970లలో విదేశీ రిఫైనరీలు జాతీయమయ్యాయి. అలా జాతీయమైన వాటిలో విశాఖపట్నంలోని కాల్టెక్స్ రిఫైనరీ ఒకటి, నేటి హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీ అదే. యజమాని మారడంతో సంఘాల పని తీరూ మారింది. కంపెనీని కాకుండా మంత్రిత్వ శాఖను ఒప్పించడమే అసలు పనైంది.

గుజరాత్‌కు తనదైన కార్మిక సంప్రదాయం ఉంది. 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు 35 శాతం పెంపు కోసం గాంధీ నాయకత్వంలో సమ్మె చేసి, చివరకు మధ్యవర్తి తీర్పుతో దాన్ని సాధించారు. అందులోంచి 1920లో అనసూయా సారాభాయి, గాంధీ మజూర్ మహాజన్ సంఘాన్ని నిలబెట్టారు. తగవును మూడో మనిషి ముందు పెట్టడం ఆ సంప్రదాయంలో ముఖ్యం. దీనికి ఎదురు నిలిచిన ఆలోచన మన తెలుగువాడు వి.వి. గిరిది. బరంపురంలో పుట్టి రైల్వే కార్మికుల్లో పనిచేసిన గిరి, కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు ట్రైబ్యునళ్ల మీద ఆధారపడడం సంఘాలను బలహీనం చేస్తుందనీ, యాజమాన్యంతో ముఖాముఖి బేరమే మేలనీ వాదించారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రైబ్యునల్ తీర్పును మంత్రివర్గం సవరించడంతో 1954లో రాజీనామా చేశారు. ట్రైబ్యునల్ మీద నమ్మకం లేని మనిషి ట్రైబ్యునల్ తీర్పు కోసమే పదవి వదులుకోవడం విచిత్రంగా కనిపించవచ్చు. ఇచ్చిన మాట నిలబడాలన్నది ఆయన పట్టు.

చట్టం ఈ రెంటికీ నడిమార్గం చూపింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం యాజమాన్యం, యూనియన్ తమలో తాము చేసుకున్న ఒప్పందం సంతకం పెట్టినవారికే వర్తించేది. కార్మిక శాఖ అధికారి సమక్షంలో రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందమైతే ఆ సంస్థలోని కార్మికులందరికీ, తర్వాత చేరేవారికి కూడా వర్తించేది. వేతన న్యాయం పాకడానికి చట్టంలో ఉన్న బలమైన తలుపు ఈ రెండోది. చమురు క్షేత్రాల వివాదాలు కేంద్ర ప్రభుత్వ పరిధిలోవి కాబట్టి గుజరాత్‌లో రాజీ కుదరని కేసు అహ్మదాబాద్‌లోని కేంద్ర పారిశ్రామిక ట్రైబ్యునల్ దాకా పోతుంది.

మస్టరు లోపల

ఓఎన్‌జీసీ వంటి సంస్థలో పర్మినెంటు కార్మికుడికి దక్కేది చూస్తే సంఘం విలువ తెలుస్తుంది. గుర్తింపు పొందిన యూనియన్లతో ఐదేళ్లకో పదేళ్లకో వేతన ఒప్పందం జరుగుతుంది. ధరల సూచీతో కలిసి కదిలే కరువు భత్యం, షిఫ్టు భత్యం, రిటైరయ్యాక వైద్యం, పింఛను పథకం, క్వార్టరు, పిల్లల చదువుకు సాయం ఉంటాయి. హెల్పరుకూ సీనియర్ టెక్నీషియనుకూ మధ్య జీతం తేడా ప్రైవేటు పరిశ్రమల్లో ఉన్నంతగా ఉండదు. ఆర్థికవేత్తలు రిచర్డ్ ఫ్రీమన్, జేమ్స్ మెడాఫ్ 1984 నాటి తమ పుస్తకంలో సంఘానికి రెండు ముఖాలున్నాయన్నారు. జీతం పెంచే గుత్తాధిపత్య ముఖం ఒకటి, కార్మికుడి మాట యాజమాన్యానికి చేర్చే గొంతు ముఖం మరొకటి. పై అధికారి ఇష్టం మీద నడిచే పదోన్నతి, బదిలీ, శిక్షలకు ఒక పద్ధతి రావడం రెండో ముఖం పనే. డబ్బుకన్నా అదే పెద్ద లాభం అనిపిస్తుంది, ఎందుకంటే అది జీతం చీటీలో కనబడదు, పోయినప్పుడే తెలుస్తుంది.

బేరానికి పైన ఒక కప్పు మాత్రం ఎప్పుడూ ఉంది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం కార్మికుల స్కేళ్లు అధికారుల స్కేళ్లకు విరుద్ధంగా ఉండకూడదు. అధికారుల స్కేళ్లేమో వేతన సవరణ కమిటీలు నిర్ణయిస్తాయి. 2007 నుంచి అమలైన సవరణకు ఆ కమిటీకి అధ్యక్షుడు తెలుగువాడైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. ఆ సిఫార్సులపై ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం చమురు సంస్థల అధికారులకు నచ్చలేదు. 2009 జనవరి 7న పద్నాలుగు ప్రభుత్వ చమురు సంస్థల అధికారులు సమ్మెకు దిగారు. పెట్రోలు బంకులు ఎండిపోయాయి. పశ్చిమ తీరం గ్యాస్ సరఫరా దెబ్బతిని విద్యుత్, ఎరువుల కేంద్రాలకు కోతలు పడ్డాయి. ప్రభుత్వం అరెస్టులకు, ఉద్యోగాల తొలగింపుకు సిద్ధపడడంతో మూడో రోజుకల్లా విరమించారు.

ఆ మూడు రోజులు రెండు విషయాలు తేల్చాయి. గ్యాస్ పరిశ్రమలో సమ్మెకు ఉన్న బలం మనుషుల సంఖ్య వల్ల రాదు. గొట్టానికి రెండో దారి లేకపోవడం వల్ల వస్తుంది. కొద్దిమంది నిపుణులు చేతులు ముడుచుకుంటే వెయ్యి కిలోమీటర్ల అవతల ఎరువుల ఫ్యాక్టరీ ఆగుతుంది. రెండోది, అంత బలాన్ని వాడినవారు దేశంలో అప్పటికే మంచి జీతం తీసుకునేవారు. అప్పటి మార్గదర్శకాలు అధికారులకు పనితీరు వేతనం కింద సంస్థ లాభంలో 5 శాతం వరకు పంచుకునే వీలు కూడా ఇచ్చాయి. వాళ్లు అడగడం తప్పని అనలేం. బేరమాడే శక్తి అవసరాన్ని బట్టి కాకుండా నిలబడ్డ చోటును బట్టి వస్తుందని మాత్రం చెప్పుకోక తప్పదు.

గోడ అవతల

ఒకప్పుడు 40 వేలు దాటిన ఓఎన్‌జీసీ పర్మినెంటు బలగం ఇప్పుడు 25–26 వేల దగ్గరికి దిగింది. పని తగ్గలేదు. రిటైరైన టెక్నీషియన్ స్థానంలో ఠేకా మనిషి వచ్చాడు. కొత్తగా తీసుకునేవారిలో ఎక్కువమందిని అధికారి హోదాలో తీసుకోవడంతో యూనియన్‌లో చేరే వర్గం రెండు వైపుల నుంచీ కరిగింది. సంస్థ వార్షిక నివేదికల భాషలో ఠేకా కార్మికుల పేరు 'సెకండరీ వర్క్‌ఫోర్స్'.

ఈ గోడ ఎలా ఉంటుందో షట్‌డౌన్ రోజుల్లో ఒక పాత్రలోకి మనిషిని దించే పనిలో చూడవచ్చు. పాత్ర అంటే ఇక్కడ ఇంటి గిన్నె కాదు, రెండంతస్తుల ఎత్తు ఉక్కు డ్రమ్ము. లోపలికి వెళ్లే ముందు పర్మిట్ కాగితం తయారవుతుంది. పర్మిట్ ఇచ్చే సంతకం సంస్థ అధికారిది. లోపల ఆక్సిజన్ ఎంత, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందా లేదా అని మీటరుతో చూసి అంకెలు రాసేది పర్మినెంటు ఉద్యోగి. పర్మిట్ తీసుకున్నట్టు సంతకం పెట్టేది ఠేకేదారు సూపర్‌వైజర్. మ్యాన్‌హోల్ దగ్గర కూర్చుని లోపలికి పోయినవారి పేర్లు, వేళలు రాసే 'హోల్ వాచ్' ఠేకా మనిషి. నడుముకు బెల్టు కట్టుకుని లోపలికి దిగి, గోడలకు అంటిన మడ్డిని గీకేది ఠేకా హెల్పర్. ఆ కాగితం మీద పైనుంచి కిందికి చదివితే ప్రమాదానికి దగ్గరయ్యేకొద్దీ జీతం తగ్గుతూ పోతుంది. చివరి మనిషికి ఆ కాగితంలో సంతకం చోటు కూడా ఉండదు.

ఠేకా మనిషికి చట్టం ఏమీ ఇవ్వలేదని కాదు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనం, పీఎఫ్, బోనస్, వారపు సెలవు ఉన్నాయి. ఓఎన్‌జీసీ తన ఠేకా కార్మికుల కోసం కనీస వేతనానికి పైన ఇచ్చేలా 'ఫెయిర్ వేజ్ పాలసీ' కూడా తెచ్చింది. కోర్టు కేసులు, యూనియన్ ఒత్తిడి వెనుక ఉండకపోతే అది వచ్చేది కాదేమో. చిక్కు అమలులో ఉంది. టెండరు తక్కువ రేటు కోట్ చేసినవారికి పోతుంది. రెండు మూడేళ్లకు ఠేకేదారు మారతాడు, మనుషులు మాత్రం వాళ్లే. గ్రాట్యుటీకి ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు కావాలని 1972 చట్టం చెప్పింది. పదిహేనేళ్లు అదే వాల్వు తిప్పినవాడికి కాగితం మీద ఏడుగురు యజమానులు ఉంటారు, ఎవరి దగ్గరా ఐదేళ్లు నిండవు. జీతం బ్యాంకులో పడ్డాక అందులో కొంత నగదుగా సూపర్‌వైజర్ చేతికి తిరిగి ఇవ్వడం దేశమంతా తెలిసిన రహస్యం. ఫిర్యాదు చేస్తే కొత్త ఠేకాలో గేటు పాసు రాదు. ఆ ఒక్క కారణంతోనే చాలా కేసులు మొదలుకాకుండానే పోతాయి.

పర్మినెంటు యూనియన్లు దీన్ని ఎందుకు అడ్డుకోలేదు? అడ్డుకోవాలని చాలాచోట్ల తీర్మానాలు చేశాయి, కేసులు వేశాయి. కానీ వేతన ఒప్పందం కుదిరే రాత్రి బేరంలో చివరిదాకా మిగిలే కోర్కె ఎప్పుడూ సొంత సభ్యులదే. ఠేకా మనుషుల వల్ల ఖర్చు మిగిలితేనే తమ పెంపుకు సొమ్ము ఉంటుందన్న లెక్క పైకి ఎవరూ అనరు. ఇది చమురుకు మాత్రమే చెందిన జబ్బు కాదు. మన సింగరేణి బొగ్గు గనుల్లో 2024 సెప్టెంబరులో, విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలిన లాభంలో 33 శాతం, 796 కోట్ల రూపాయలు పంచారు. 41 వేల పైచిలుకు పర్మినెంటు ఉద్యోగులకు సగటున 1 లక్షా 90 వేలు వచ్చాయి. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు ఇచ్చారు, అదీ మొట్టమొదటిసారి. గుర్తింపు ఎన్నికలు రహస్య ఓటుతో జరిగే, దేశంలోనే బలమైన సంఘాలున్న చోటి సంగతి ఇది. ఐదువేలు ఇవ్వడం మంచి మొదలని అన్నవాళ్లున్నారు, అవమానం అన్నవాళ్లున్నారు. రెండూ నిజమే.

కోర్టు మెట్లు

1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ప్రభుత్వానికి ఒక అధికారం ఇచ్చింది. ఏడాది పొడవునా జరిగే పని, పరిశ్రమకు అవసరమైన పని, మామూలుగా పర్మినెంటు మనుషులతో చేయించే పని అయితే అందులో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించవచ్చు. ఆ చట్టం కింద వచ్చిన 1971 నిబంధనలు ఇంకో మెట్టు పైకి వెళ్లాయి. ఠేకా కార్మికుడు అసలు యజమాని దగ్గరి కార్మికుడు చేసే పనే, లేదా అలాంటి పనే చేస్తుంటే వేతనం, సెలవులు, పనివేళలు ఒకేలా ఉండాలన్నాయి. పని ఒకటేనా కాదా అన్న తగువు కేంద్ర కార్మిక కమిషనర్ వ్యవస్థ తేల్చాలన్నాయి. కాగితం మీద ఇంతకు మించిన సమానత్వం ఇంకేం కావాలి? అసలు తగువంతా 'అలాంటి పనే' అన్నదాన్ని రుజువు చేయడంలో ఉంది. హోదా పేరు మార్చితే, పనిలో ఒక మెట్టు తీసేస్తే వేరే పని అయిపోతుంది.

1976 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని సంస్థల భవనాల ఊడ్పు, శుభ్రత, కాపలా పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించింది. అలా నిషేధించినప్పుడు ఆ మనుషుల గతి ఏమిటి? ఎయిర్ ఇండియా కేసులో 1996లో సుప్రీంకోర్టు వాళ్లు తమంతట తామే అసలు యజమాని ఉద్యోగులవుతారని చెప్పింది. దేశమంతా ఠేకా బస్తీల్లో మిఠాయిలు పంచుకునేంత మాట అది. ఐదేళ్లు తిరగకుండానే, 2001 ఆగస్టు 30న ఉక్కు ప్రాధికార సంస్థ (సెయిల్) కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను తిప్పేసింది, 1976 ప్రకటనను కొట్టేసింది. కాంట్రాక్టు ఉత్తుత్తిదని, ముసుగని రుజువైతేనే కార్మికుడు అసలు యజమాని మనిషి అవుతాడు. నిజమైన కాంట్రాక్టు అయి, నిషేధం వస్తే, కొత్త నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తే చాలు.

ఈ నేపథ్యంలో ఓఎన్‌జీసీ చరిత్రలో సంఘం గెలిచిన ముఖ్యమైన కేసు తమిళ తీరంలోని కారైకల్ నుంచి వచ్చింది. అక్కడి కాపలా సిబ్బంది మొదట ఠేకా కింద, తర్వాత కాలపరిమితి నియామకాల మీద పనిచేశారు. వారి తరఫున పెట్రోలియం కోల్ లేబర్ యూనియన్ పోరాడింది. సంస్థ సొంత స్టాండింగ్ ఆర్డర్లలో 240 రోజులు పనిచేసినవారిని రెగ్యులర్ చేయడం గురించి రాసి ఉన్న నిబంధనను సంఘం పట్టుకుంది. 2015 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రైబ్యునల్ తీర్పును నిలబెట్టింది. 1988లో చేరినవాళ్లకు అప్పటికి తల నెరిసింది. 2020లో కృష్ణ గోపాల్ కేసులో అదే కోర్టులోని మరో ధర్మాసనం ఆ తీర్పు తర్కాన్ని ప్రశ్నించి, పెద్ద ధర్మాసనం చూడాలంది. కోర్టు దారిలో గెలుపు ఎంత దూరమో, ఎంత పలుచనో ఈ రెండు తేదీల మధ్య తెలుస్తుంది. అయినా ఇందులో ఒక పాఠం సంఘాలకు పనికొచ్చింది. పెద్ద రాజ్యాంగ సూత్రాలకన్నా ఒక్కోసారి సంస్థే అచ్చువేసిన నిబంధనల పుస్తకం గట్టి ఆయుధం.

ప్రాణం ఖరీదు

చమురు, గ్యాస్ పనుల్లో ఆర్థిక న్యాయం అన్నది జీతంతో ఆగదు. చావు, గాయం ఎవరి వాటాకు వస్తాయన్నదీ పంపకమే. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక అధ్యాయం చేర్చారు. ప్రమాదకర ఫ్యాక్టరీల్లో కార్మికులకూ యాజమాన్యానికీ సమాన ప్రాతినిధ్యం ఉండే భద్రతా కమిటీ, ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు అలా వచ్చాయి. గట్టి యూనియన్ ఉన్న ప్లాంటులో ఆ కమిటీ మాట చెల్లుతుంది. ఠేకా మనిషికి అందులో కుర్చీ దొరకడం అరుదు.

ప్రమాదాల లెక్క చూస్తే ఆ ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న గ్యాస్ లీకై మంటలంటుకుని 60 మందికి పైగా చనిపోయారు. అదే ఆవరణలో 2013 ఆగస్టు 23న కూలింగ్ టవర్ దగ్గర అగ్నిప్రమాదంలో ఇరవై మందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలు. హజీరా ఓఎన్‌జీసీ ప్లాంటులో 2020 సెప్టెంబరు 24 తెల్లవారుజామున వరుస పేలుళ్లతో పెద్ద మంట లేచింది, మైళ్ల దూరం దాకా సూరత్ జనం నిద్రలేచారు. ఆ మరుసటి ఏడు మే నెలలో తౌక్టే తుపానులో, హజీరాకు గ్యాస్ పంపే అదే పశ్చిమ సముద్రంలో, ఓఎన్‌జీసీ పనుల కోసం ఒక నిర్మాణ సంస్థ పెట్టిన పీ-305 బార్జి మునిగింది. దాని మీద 261 మంది ఉన్నారు. ఆ బార్జి, వరప్రద అనే టగ్ కలిపి 86 మంది పోయారు. తుపాను హెచ్చరిక ముందే ఉంది. బార్జిని ఒడ్డుకు తీసుకెళ్లాలని గట్టిగా అడిగి, అడిగినందుకు ఉద్యోగం పోకుండా ఉండే మనిషి ఆ డెక్ మీద ఉన్నట్టు కనిపించదు.

ప్రైవేటు ప్లాంట్లు, సూరత్ బస్తీలు

హజీరాలోని ప్రైవేటు ప్లాంట్లలో సంఘాల ఉనికి పలుచన. వడోదర పెట్రోకెమికల్ సంస్థ ఐపీసీఎల్‌ను 2002లో ప్రభుత్వం రిలయన్స్‌కు అమ్మినప్పుడు గుజరాత్ ప్రభుత్వ రంగ యూనియన్లకు పెద్ద దెబ్బ తగిలింది. స్వచ్ఛంద విరమణ పథకాలతో పాత సభ్యులు బయటికి పోయారు. అలాంటిదే హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్‌కు జరగబోయి 2003లో ఆగింది. ఆ సంస్థలు పార్లమెంటు చట్టంతో జాతీయమయ్యాయి కాబట్టి పార్లమెంటు ఒప్పుకోకుండా అమ్మరాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఐపీసీఎల్‌కు అలాంటి చట్టం అండ లేదు.

సూరత్ నగరమే సంఘాలకు గట్టి నేల కాదు. మరమగ్గాలు, వజ్రాల సాన, జరీ పనులు ముక్కకింతని కూలీ కట్టే పద్ధతి మీద నడుస్తాయి. దక్షిణ గుజరాత్ వలస కూలీల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన డచ్ సామాజిక శాస్త్రజ్ఞుడు యాన్ బ్రెమన్ ఇక్కడి శ్రమను ఎక్కడా కాలు నిలవని శ్రమగా చూపించారు. తెలంగాణ నుంచి వెళ్లి లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపేంతగా అక్కడ మనవాళ్లున్నారు. మగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు చేసే తండ్రికి, హజీరాలో పీఎఫ్ నంబరు, ఫోటో ఉన్న గేటు పాసు సంపాదించిన కొడుకు పైకి ఎక్కినట్టే కనిపిస్తాడు. ఎక్కాడు కూడా, ఒక మెట్టు. ఠేకా ఉద్యోగానికి పోటీ తగ్గకపోవడానికీ, గొంతెత్తేవారు తక్కువ కావడానికీ ఇదే కారణం. పోలిక పర్మినెంటు మనిషితో కాదు, మగ్గంతో.

సంఘం లేనిచోట కోపం లేదని కాదు. 2020 మే నెల లాక్‌డౌన్‌లో హజీరా పక్కన మోరా గ్రామంలో గదులు అద్దెకు తీసుకుని ఉన్న వలస కార్మికులు ఊళ్లకు పంపమంటూ రోడ్డెక్కి పోలీసులతో తలపడ్డారు. వాళ్లలో చాలామంది హజీరా ప్లాంట్ల ఠేకా పనివాళ్లు. కోర్కెల పత్రం రాసేవాళ్లు, చర్చలకు కూర్చునేవాళ్లు లేనప్పుడు తగువు నేరుగా రాయి, లాఠీ దగ్గరికి పోతుంది. యాజమాన్యాలు సంఘాన్ని ఖర్చుగా లెక్కిస్తాయి గానీ, సంఘం లేకపోవడానికయ్యే ఖర్చును ఏ పద్దులో రాస్తాయో తెలియదు.

ఇతర దేశాలు

కువైట్‌లో 2016 ఏప్రిల్‌లో చమురు కార్మికులు కొత్త వేతన పథకాన్ని వ్యతిరేకిస్తూ మూడు రోజులు సమ్మె చేశారు, దేశ ఉత్పత్తి సగానికి పైగా పడిపోయింది. ఆ సంఘం స్వదేశీయులది. కడప, కరీంనగర్, కోనసీమల నుంచి వెళ్లి అవే చమురు స్థావరాల్లో ఠేకా కంపెనీల కింద పనిచేసే మనవాళ్లకు అందులో ఓటు లేదు. హజీరా గోడే అక్కడ దేశాల సరిహద్దుగా మారింది.

బ్రిటన్ ఉత్తర సముద్రంలో 1988 జులై 6న పైపర్ ఆల్ఫా వేదిక తగలబడి 167 మంది చనిపోయారు. చాలామంది కాంట్రాక్టర్ల మనుషులే. ఆ తర్వాత అబర్డీన్‌లో ఠేకా కార్మికులే సొంతంగా సంఘం పెట్టుకున్నారు, పాత యూనియన్లు తమను పట్టించుకోలేదన్న కోపంతో. నార్వే వేరే దారి పట్టింది. అక్కడ 1977 చట్టం వచ్చినప్పటి నుంచి కార్మికులు ఎన్నుకున్న భద్రతా ప్రతినిధి ప్రమాదం ఉందనుకుంటే పని ఆపించగలడు. అంతకన్నా మనకు పనికొచ్చే సంగతి 2004 నాటిది. తూర్పు యూరప్ నుంచి వచ్చిన కార్మికులకు తక్కువ జీతాలు ఇస్తున్నారని అక్కడి సంఘాలు ఫిర్యాదు చేస్తే, ఒడ్డున ఉన్న కొన్ని చమురు, గ్యాస్ ప్లాంట్లలో సంఘాల ఒప్పందంలోని కనీస రేట్లను అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ, ఏ కంపెనీ మనిషైనా సరే, వర్తింపజేశారు. సొంత సభ్యుల జీతం కాపాడుకోవాలంటే బయటివాడి జీతం పైకి లాగాలని అక్కడి సంఘాలు తొందరగా గ్రహించాయి. దయతో చేసిన పని కాదది, లెక్కతో చేసినది.

కొత్త కోడ్‌లు

2025 నవంబరు 21న కేంద్రం పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చింది. వృత్తి భద్రత కోడ్ ప్రకారం సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదు. చదవగానే గోడ కూలినట్టు అనిపిస్తుంది. పక్కనే మినహాయింపులు ఉన్నాయి. ఆ పని మామూలుగా ఠేకా మీదే చేయించే అలవాటున్నదైతే, పని హఠాత్తుగా పెరిగితే నిషేధం వర్తించదు. గ్యాస్ ప్లాంటులో షట్‌డౌన్ పని ఎప్పటినుంచో ఠేకా మీదే సాగుతోంది కాబట్టి అలవాటే అనుమతి అవుతుంది. కాంట్రాక్టు నిబంధనలు వర్తించే సంస్థ పరిమాణం 20 మంది నుంచి 50కి పెరిగింది, చిన్న సబ్‌కాంట్రాక్టర్లు లెక్కలోంచి జారిపోతారు. మేలు కూడా ఉంది. నిర్ణీత కాలానికి నేరుగా నియమించుకున్నవారికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఇది ఠేకేదారు కింది మనిషికి కాదు, సంస్థ నేరుగా తీసుకున్న మనిషికి.

కొత్త కోడ్‌ల ప్రకారం సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్క. 2009 నాటి సమ్మె వంటిది ఇక ముందు చట్టబద్ధంగా చేయడం కష్టం. సంఘాలకు కొత్త కోడ్ ఇచ్చినది గుర్తింపు. సంస్థలో ఒకటికి మించి యూనియన్లుంటే, కార్మికుల్లో 51 శాతం మద్దతున్నదే చర్చల యూనియన్. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్నవారితో చర్చల మండలి ఏర్పడుతుంది. ఆ శాతాన్ని లెక్కగట్టేది సంస్థ మస్టరు రోలులో పేరున్న కార్మికుల నుంచి. మోరా గదుల్లోంచి తెల్లవారి ఐదున్నర బస్సెక్కి హజీరా గేటు దగ్గర దిగే హెల్పర్ పేరు ఆ రోలులో లేదు, ఠేకేదారు దగ్గరి చిన్న పుస్తకంలో ఉంది.